అన్నం ముట్టలేదండీ

ఆ రోజుల్లో నాకు ఇరవై ఏడేళ్ళు. అప్పట్లో నాకు తెలిసిన ఆరోగ్యసూత్రాలు రెండే: ఆకలేసినప్పుడు తినడం, ఫోన్లో ఛార్జింగ్ అయిపోయినప్పుడు పడుకోవడం. (ఛార్జర్ మంచం పక్కనే ఉండేది. ఇంక వేరే చెప్పాలా?) రాజమండ్రిలో ఉద్యోగం, అమ్మ చేతి వంట, రాత్రి పదింటికి భోజనం, ఒంటిగంట దాటాక నిద్ర. మహారాజులా ఉన్నాననుకుంటుంటే, ఆఫీసువాళ్ళు చేయించిన రక్తపరీక్షలో నా షుగరు గీత దగ్గర తచ్చాడుతోందని తేలింది.

డాక్టరు గారు పెద్దాయన, మా కోనసీమ వారే. "ఇంకా రాలేదండి, వీధి చివర్న నిలబడి ఉంది. రాత్రి భోజనం ఏడింటికల్లా ముగించండి, పదిన్నరకి పడుకోండి. పొద్దుపోయాక తిన్నది ఒంటికి సరిగ్గా పట్టదు, నిద్ర చాలకపోతే మరీనూ. మూడు నెలలు చూద్దాం. తగ్గకపోతే ఇంక మాత్రలే" అన్నారు. మాత్రలంటే నాకు హడలు. నాన్నకి ముప్పై అయిదో ఏట మొదలయ్యాయి. వారాల పేర్లున్న ప్లాస్టిక్ డబ్బా తెరవందే కంచం ముందు కూర్చోరు. ఆ సాయంత్రమే అమ్మ నాకూ అలాంటి డబ్బా ఒకటి కొనుక్కొచ్చింది. "ఉండనీరా, ముందుజాగ్రత్త" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇక చూడండి నా దీక్ష! ఏడు కొట్టేసరికి పెరుగన్నంతో సహా భోజనం పూర్తి. కానీ పదింటికి కడుపులో ఏదో వెలితి. "ఖాళీ కడుపుతో పడుకుంటావేంట్రా? అన్నం వద్దన్నారు గానీ టిఫినుకేం?" అంది అమ్మ. నిజమే కదా! మా ఇళ్ళలో శనివారం రాత్రి ఉపవాసమంటే నాలుగు పెసరట్లూ ఉప్మా. మెతుకు తగలకపోతే చాలని దేవుడే ఒప్పుకుంటున్నప్పుడు డాక్టరు గారు ఒప్పుకోరా? అలా మూడు నెలలపాటు వారానికి ఏడు శనివారాలు చేశాను. ఆ బరువుతో నిద్ర పట్టక ఫోను చూస్తూ ఒంటిగంట చేసేవాణ్ణి.

మూడు నెలల తర్వాత రిపోర్టు చూసి డాక్టరు గారు కళ్ళజోడు తీసేశారు. "పెరిగిందేంటండీ? ఏడు దాటాక ఏమైనా తింటున్నారా?"

"రామ రామ! అన్నం ముట్టలేదండీ."

"మరేం ముట్టారు?"

"టిఫినేనండి."

ఆయన బల్ల కదిలేలా నవ్వారు. "మిమ్మల్నేమనను? నేనూ శనివారం ఉపవాసమని ఆరిడ్లీలు లాగిస్తాను. ఇంకో మూడు నెలలు ఆగుదాం. ఈసారి ఇద్దరం మానేద్దాం, సరేనా?"

ఆ రోజు నుంచి అమ్మ ఏడున్నరకే వంటింటి తలుపు వేసేసేది. పదిన్నరకి నా ఛార్జర్ పట్టుకుపోయి తన తలగడ కింద పెట్టుకునేది. మొదటి పది రోజులూ నరకం చూశాను. తర్వాత తర్వాత అలారం మోగకముందే మెలకువ వచ్చేది, అదీ నకనకలాడే ఆకలితో. మళ్ళీ పరీక్ష చేయిస్తే షుగరు గీతకి బాగా కిందికి దిగింది. "మీరు నెగ్గారండి, నాకు శనివారాలు ఇంకా కష్టంగానే ఉంది" అన్నారు డాక్టరు గారు.

ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతోంది. మాత్రల అవసరం ఇంతవరకూ రాలేదు. పక్కింటి పెనం మీంచి పెసరట్టు వాసన వస్తే ఆనాటి భక్తుడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, వాడి మీద కొంచెం బెంగా వేస్తుంది. అమ్మ కొన్న డబ్బా ఇంకా వంటింట్లోనే ఉంది. ఆదివారం గదిలో యాలకులు, సోమవారం గదిలో లవంగాలు, అలా శుక్రవారం దాకా ఏదో ఒకటి పోసింది. శనివారం గది మాత్రం ఖాళీ. అదేంటమ్మా అంటే, "ఉపవాసం కదరా" అంటుంది.