బావ పరిచిన స్పాంజి

కార్ల సీట్లు కుట్టడం మా బావ వృత్తి. పళ్ల మధ్య దారపు ముక్క, చెవి మీద సుద్ద, ముఖాన చెరగని నవ్వు. "కుదుపు తెలిసిందంటే నేను కుట్టినట్టే కాదు" అనేవాడు. ఆయన కొట్టూ నా మెకానిక్ షెడ్డూ పక్కపక్కనే. మనిషి బంగారం. పట్టు మాత్రం ఉడుం పట్టు.

ఆయనకు రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు ఒకటుంది. దాని ఇంజను పాడైంది. పెద్ద ఇంజను పెట్టిస్తానని ఆయన, ఇది అమ్మేసి వేరే బండి కొందామని మా అక్క. ఇంట్లో పొద్దస్తమానం ఇదే గోల.

"ముందు బ్రేకుల సంగతి చూడు బావా. పెడలు అడుగంటా తొక్కితేగానీ ఆగదిది. దీనికి ఇంకా పెద్ద ఇంజనా?" అన్నాను.

"శుభం పలకరా మంకెనా అంటే..." అని మొదలెట్టాడు బావ.

"చాల్లే, ఆ సామెత పూర్తి చెయ్యకు!" అని కసిరింది అక్క.

నాకు ఒళ్లు మండి ఆ బండి ముట్టుకోనన్నాను. ఆయన ఇంకెవరి చేతో ఇంజను పెట్టించుకున్నాడు. బ్రేకులు తర్వాత చూద్దామన్నాడట. చివరికి అక్కే ఒక మాట తేల్చింది. "కొండ దారిలో ఒక్కసారి తిప్పు. నాకు భయమేసిందా, అమ్మేస్తాం. వెయ్యలేదా, నీ ఇష్టం."

అక్కకు భయం వెయ్యకూడదు, అంతే. బావ కొట్టు షట్టరు సగం దించి వారమంతా ఆ బండి పనిమీదే కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున బండి స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు అదిరాయి. లోపలున్న అక్క మాత్రం అద్దం దించి, "లోపల చప్పుడే తెలియట్లేదురా తమ్ముడూ!" అంది. బావ నాకేసి కన్నుకొట్టాడు. నాకెందుకో నవ్వు రాలేదు.

వాళ్లు వెళ్లాక కత్తెర కావాల్సివచ్చి ఆయన కొట్టులోకి వెళ్లాను. నేలమీద కత్తిరించగా మిగిలిన స్పాంజి పడి ఉంది. నాలుగు వేళ్ల మందం. మధ్యలో డ్రైవరు కాళ్ల కింది నేలంత ముక్క కోసేసిన ఖాళీ. చప్పుడు రాకుండా పెడళ్ల కింద కూడా అడ్డంగా పరిచేశాడు మహానుభావుడు! పిడికిలితో గట్టిగా నొక్కాను. సగమే అణిగింది. అడుగంటా తొక్కాల్సిన పెడలు ఇక సగంలోనే ఆగిపోతుంది. ఊళ్లో నిదానంగా పోతే ఆ తేడా తెలియదు. అక్కకు ఫోన్ చేశాను.

"బండి ఆపించక్కా!"

"దేనికిరా? హాయిగా ఉంటేనూ. నాకేం భయం వెయ్యలేదు, ఇదే ఉంచుకుందామని చెప్పేశా కూడా. ఇప్పుడే కొండ దిగుతున్నాం."

"బావ కాళ్ల కింద స్పాంజి ఉంది. పీకెయ్యమను. ముందు పీకెయ్యమను!"

అక్క ఆయనతో చెప్పడం వినబడింది.

"ఏమోరా, పలకట్లేదు," అంది అక్క. గొంతులో నవ్వు పోయింది. "ఊరికే తొక్కుతున్నాడు."