పిప్పి మిగలని కట్టు

వంటవాడు రాజలింగు కాఫీ వడగట్టే బట్ట నాలుగు కొసలూ ఒక చేత్తో పోగుచేసి పట్టుకుని, రెండో చేత్తో మెలిపెట్టి పిండాడు. నల్లని నీళ్లు గిన్నెలోకి జారాయి. పిప్పి విదిలించి బట్ట ఉతుకుదామని ముడి విప్పితే లోపల ఏమీ లేదు. తిరగేసి చూశాడు. తడి మరక తప్ప గోరంత పిప్పి కూడా లేదు.

"పోశం, గీ డబ్బ ఏడికెల్లి వచ్చింది?"

సర్వే గొలుసు లాగే కూలీ పోశం గుడారపు తాడు బిగిస్తున్నాడు. తలెత్తకుండానే, "హైద్రాబాద్‌కెల్లి కాకా. పెద్దాఫీసోళ్లు సారు కోసం పంపిండ్రు" అన్నాడు.

"దొంగ సరుకు పంపిండ్రు. పిప్పి లేదు. వట్టి రంగు."

"నల్లగనే ఉన్నది గద."

"నల్లగున్నదల్ల కాఫీ అయితే బెల్లంపల్లి బొగ్గు నానవెట్టుకోని తాగు."

అయినా గిన్నెడు నీళ్లు పారబొయ్యడానికి మనసొప్పలేదు. పాలు కలిపి, చక్కెర వేసి, గ్లాసు తీసుకుని సర్వేయరు శేషగిరి గుడారంలోకి వెళ్లాడు.

శేషగిరిది తెనాలి. ఆంధ్రా తెలంగాణా కలిసిన మరుసటేడు ఉద్యోగం మీద ఆదిలాబాదు జిల్లాకు వచ్చాడు. మూడేళ్లుగా కాలువ సర్వే పని మీద కడెం, జన్నారం అడవుల్లో గుడారాలు మారుస్తూ తిరుగుతున్నాడు. మొన్న దసరా తర్వాత టైఫాయిడ్ పట్టుకుంది. మంచిర్యాల ఆసుపత్రిలో నెల్లాళ్లుండి, మనిషి సగమై తిరిగొచ్చాడు. వచ్చి పన్నెండు రోజులైంది. అన్నం మెతుకు కడుపులో నిలవడం లేదు. పన్నెండు రోజులుగా అతని ముఖాన నవ్వు లేదు.

కాఫీ ఒక్క గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. "ఎంత వేశావు రాజలింగూ?"

"రోజేసేటంతనే సారు. రెండు పిడికిళ్లు. కని సరుకుల మోసమున్నది. పిప్పే లేదు."

శేషగిరి గ్లాసు కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది, దగ్గు తగ్గాక మళ్లీ నవ్వాడు. "ఇది వడగట్టేది కాదయ్యా. చెంచాడు వేసి వేడినీళ్లు పోస్తే సరి. వాళ్లే ముందు కాచి, ఆ కషాయాన్ని ఎండబెట్టి పొడి చేసి పంపుతారు. ఇంక పిప్పి ఎక్కడినుంచి వస్తుంది?"

రాజలింగుకు సిగ్గేసింది. కానీ సిగ్గుకన్న ముందు ఇంకో మాట నోటికొచ్చింది.

"కాచినంక ఎండవెడ్తరా సారు?"

"అవును."

"ఎండినంక మల్ల నీళ్లల్ల కరుగుతదా?"

"చూశావుగా."

ఆ మాట పట్టుకునే బయటికి వచ్చాడు.

రాజలింగుకు వంట ఎవరూ నేర్పలేదు. నిజాం కాలంలో ఉట్నూరు అడవికి వేటకొచ్చే పెద్దమనుషుల డేరాల్లో గిన్నెలు తోమే పనికి కుదిరాడు. అక్కడి వంటపెద్ద ఖాన్సామా మసాలా వేసేటప్పుడు పక్కన ఎవర్నీ నిలవనిచ్చేవాడు కాదు. తోమడానికొచ్చిన గిన్నె అడుగున మిగిలినదాన్ని నాలుకకు రాసుకుని, ఏమేం పడ్డాయో పోల్చుకుంటూ రాజలింగు పని నేర్చాడు. పోలీసు యాక్షన్ తర్వాత ఆ డేరాలు పోయాయి. రోడ్డు పని గుంపులకు కొన్నేళ్లు వండి, ఆ మీద సర్వే క్యాంపుల్లో కుదురుకున్నాడు. మూడేళ్ల కింద కడెం ఒడ్డున రాయి జారి ఎడమ మోకాలు దెబ్బతింది. సాపు నేల మీద నడుస్తాడు, గుట్ట మాత్రం ఎక్కలేడు.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఆ గుట్టే. వాగు నుంచి గుట్ట మీది కనుమ దాకా ఎత్తులు తీసే పని ఒక్కటి మిగిలింది. ఏడు రోజుల పని. నెలాఖరులోగా కాకపోతే ఇంకో సర్వేయరును పంపుతామని పైనుంచి కాగితం వచ్చింది. మూడేళ్లు తాను గీసిన గీతకు చివరి కొస మరొకరు కలపడం శేషగిరికి ఇష్టం లేదు. పోయి తీరుతానంటున్నాడు. బండి పోని దారి; పరికరాలు మొయ్యడానికే నలుగురు కూలీలు చాలరు. వంట సామానూ వెంట పోదు, గుట్ట ఎక్కలేని వంటవాడూ పోడు. కూలీలు పొద్దుగూకాక రొట్టెలు కాల్చుకుంటారు. పగలంతా పని సాగుతూ ఉంటుంది కాబట్టి, పరికరం నిలబెట్టేలోగా మూడు రాళ్ల మీద చెంబెడు నీళ్లు కాగుతాయేమో కాని పప్పు ఉడికేదాకా ఎవరూ కూర్చోలేరు.

ఏడు రోజులు ఆ మనిషి కడుపులోకి ఏం పోతుంది? రాజలింగుకు అదే దిగులు.

పెద్దాఫీసు పంపిన పెట్టెలో కాఫీతోపాటు ఇంకో డబ్బా కూడా ఉంది. మరునాడు పొద్దున పోశం వచ్చి, "కాకా, సారుకు సోపు గావాల్నట. వేడినీళ్లల్ల వేసిమ్మన్నడు" అన్నాడు.

కడుపు బాగాలేని మనిషి సోపు అడగడంలో రాజలింగుకు వింతేమీ కనబడలేదు. పోపుపెట్టెలోంచి గుప్పెడు సోంపు గింజలు తీసి, దంచి, మరిగించి, వడగట్టి తీసుకెళ్లాడు. శేషగిరి వాసన చూసి గ్లాసులోకి తొంగి చూశాడు. అయినా గ్లాసెడూ తాగాడు. తాగాక, "బాగుంది. కానీ నేనడిగింది సూప్. ఆ డబ్బాలో పొడి" అన్నాడు.

"పోశం సోపు అన్నడు సారు."

"సారు అన్నదే చెప్పిన" అన్నాడు బయటినుంచి పోశం. "సూపో సోపో, నాకేమెరుక."

సూప్ డబ్బా తెచ్చి ఇస్తే శేషగిరి మూత తీయకముందే పక్కనున్న అక్షరాలు చదివి కింద పెట్టేశాడు. "ఇది మాంసం రసంతో చేసిందయ్యా. నేను మాంసం ముట్టను, నాకు పనికిరాదు." డబ్బా పక్కకు నెట్టి, "ఫర్వాలేదులే. కాఫీ ఉందిగా. ఏడు రోజులే కదా" అన్నాడు.

వట్టి కడుపులో కాఫీ పడితే ఎట్లా మెలికలు తిరుగుతాడో రాజలింగు నిన్న చూశాడు. వంటగుడారంలోకి వెళ్లి సేరు పెసలు చేటలో పోసి రాళ్లు ఏరడం మొదలుపెట్టాడు.

పోశం వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏం జేస్తవు కాకా?"

"పెసర్ల కట్టు. కాసి ఎండవెడ్త. ఆ కాఫీ పొడి లెక్క."

"ఉలువలతోటి చెయ్యరాదు? బలం."

"ఉలువలు నీకూ ఎడ్లకూ. జరమొచ్చి లేచినోనికి వేడి చేస్తయి. పెసర్లే మంచియి."

పెసలు మెత్తగా ఉడికించి, నీళ్లు వంచి, ఆ నీళ్లను మల్లుబట్టలో రెండుసార్లు వడగట్టాడు. ఉప్పు, శొంఠి, జీలకర్ర, నాలుగు మిరియాలు. కారం ముట్టలేదు. సన్నని సెగ మీద మధ్యాహ్నం దాకా కలుపుతూ ఇగరబెట్టి, ఇత్తడి తాంబాళంలో పల్చగా పరిచి ఎండలో పెట్టాడు. పుష్యమాసపు ఎండలో పస లేదు. రెండు రోజులకు పైన తోలు కట్టింది, లోపల బంకగానే ఉంది. మూడోనాటికి పుల్లవాసన వచ్చింది. పారబోశాడు.

రెండోసారి ఎండను నమ్మకుండా పెనం మీదే ఆరబెట్టాడు. అంచులు మాడాయి. పొడి అయితే అయింది కాని, నీళ్లలో వేసి నోట పెట్టుకుంటే చేదు. శేషగిరికి చూపించలేదు. అదీ పారబోశాడు.

ప్రయాణానికి ఇంకా ఆరు రోజులుందనగా లక్సెట్టిపేట నుంచి అతని భార్య దుర్గవ్వ వచ్చింది, జొన్నలమూటతో. పొయ్యి దగ్గర చేతులు కట్టుకుని కూర్చున్న మొగుణ్ని చూసి, "ఏంది, వంట మర్శినవా?" అంది.

సంగతంతా చెప్పాడు. ఆమె మాడిన పెనాన్ని వేలితో గీకి చూసింది.

"నీళ్లను ఒక్కదాన్నే ఎండవెడ్తే ఎట్ల ఎండుతయి? దేన్లనన్న ఇంకాలె గద."

"దేన్ల ఇంకిస్తవు? బియ్యపు పిండేస్తే ఉడకాలె. మైదా అయితే అంటుకుంటది."

"తొలేకాశినాడు ఏం తింటవు నువ్వు?"

రాజలింగు ఆమె ముఖంకేసి చూశాడు. తొలి ఏకాదశినాడు ఇంటింటా తినేది పేలపిండి. జొన్నలు వేయించి, పేలాలు చేసి, విసిరిన పిండి. అది మళ్లీ ఉడకనక్కర లేదు, నిప్పు ముందే చూసింది.

"ఇరవై ఏండ్లు దొరల కాడ వండినోనివి" అంది దుర్గవ్వ, "పేలపిండి యాదికి రాలే నీకు."

"దొరలు పేలపిండి తినరు."

"గందుకే గట్లున్నరు."

ఆమె తెచ్చిన జొన్నలతోనే ఆ సాయంత్రం పేలాలు వేయించారు. ఆమె విసిరింది, అతను పల్చని బట్టలో జల్లించాడు. జ్వరపు కడుపుకు పొట్టు తగలకూడదని మళ్లీ జల్లించాడు. చిక్కగా ఇగిరిన పెసరకట్టును కొంచెం కొంచెంగా ఆ పిండిలో పోస్తూ, రెండు అరచేతుల మధ్య రుద్దాడు. ముద్ద కానివ్వలేదు. తడి రవ్వలా రాలేదాకా రుద్ది, పరిచి, ఆరిన కొద్దీ ఇంకొంత కట్టు పోసి మళ్లీ రుద్దాడు. మూడు రోజులు అదే పని. రాత్రి మంచు తగలకుండా తాంబాళాన్ని వెచ్చని పొయ్యిగట్టు మీదికి చేర్చేవాడు. మూడోనాటికి రవ్వ వేళ్ల మధ్య గలగలలాడింది. దాన్ని విసిరి పొడి చేశారు.

నాలుగోనాడు శేషగిరి నడక అలవాటు చేసుకుందామని వాగుదాకా గొలుసు లాగించాడు. పొడి తీసుకుని పోశం కూడా అతని వెంట వెళ్లాడు. మధ్యాహ్నం తిరిగొచ్చిన పోశం ముఖం చూడగానే రాజలింగుకు తెలిసింది.

"తాగలేదా?"

"తాగిండు. కని ఉండలు కట్టింది కాకా. సారు ఉండల్ని నమిలిండు. మంచిగనే ఉన్నయి అన్నడు. మంచిగలేకున్న గట్లనే అంటడు ఆయన."

"మసిలే నీళ్లల్ల పిండి జల్లినవా?"

"నువ్వు వేడినీళ్లు అన్నవు గద."

తప్పు పోశంది కాదు, చెప్పినవాడిదే. కాఫీ పొడిని చూసి వేడినీళ్లు అన్నాడు. ఇది కాఫీ కాదు. రాజలింగు గ్లాసు తెచ్చి పోశం చేతికిచ్చాడు. "ముందుగాల రెండు చెంచల చల్లనీళ్లు. దాంట్ల పొడి వేసి వేలితోటి మెదుపు. ఆఁ, గట్ల. గోడకు పూసే జాజు లెక్క గావాలె. ఇప్పుడు వేడినీళ్లు పోసుకుంట కలుపు." గ్లాసులో చిక్కని లేతపచ్చని కట్టు తేరింది. ఒక్క ఉండ లేదు. పోశం చేత మూడుసార్లు చేయించి, ఆ మూడూ అతని చేతే తాగించాడు.

"ఇంగ ఇయ్యాల నాకు రొట్టె వద్దు" అన్నాడు పోశం.

నాలుగో గ్లాసు శేషగిరికి పోయింది. అతను మంచం అంచున కూర్చుని, ఊదుకుంటూ నెమ్మదిగా తాగాడు. రాజలింగు గుడారపు కొయ్యకు ఆనుకుని నిలబడ్డాడు. గంట గడిచింది, కడుపు తిరగలేదు. ఇంకో గంటకు శేషగిరే పిలిచాడు.

"ఇంకో గ్లాసు ఉందా రాజలింగూ?"

ఉందని తలూపి, ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లాడు.

మిగిలిన రెండు రోజులూ పొట్లాలు కట్టడంతో సరిపోయింది. ఆకుల్లో కడితే చెమ్మ పడుతుంది. శేషగిరి పటాలు గీసి పక్కన పారేసిన మైనపు గుడ్డ ముక్కలుంటే, వాటిని చదరాలుగా కత్తిరించాడు. ఒక గ్లాసుకు ఒక పొట్లం. రోజుకు మూడు, ఏడు రోజులకు ఇరవై ఒకటి. వాన పడో దారి తప్పో ఒకరోజు ఎక్కువ పడితే? ఇంకో మూడు. దుర్గవ్వ దారంతో ఒక్కోదానికి రెండు ముళ్లు వేసింది. పోశం చీకట్లో కూడా తడుముకుని గుర్తుపట్టేలా, పొద్దుటి పొట్లానికి మాత్రం మూడు ముళ్లు; అందులో శొంఠి కొంచెం ఎక్కువ.

బయల్దేరే పొద్దున పరికరాలు కావడిలోకెక్కాయి. రాజలింగు బట్టసంచి తెచ్చి పోశం చేతికిచ్చాడు.

"ఎట్ల కలుపుతవో చెప్పు."

"ముందుగాల చల్లనీళ్లు రెండు చెంచలు. జాజు లెక్క మెదపాలె. అటెన్క వేడినీళ్లు. మూడు ముళ్లది పొద్దున. కాఫీ అడిగితే కట్టు తాగినంకనే ఇయ్యాలె."

"అడుగుతడు."

"తిడ్తే?"

"తిట్లు పడు."

శేషగిరి టోపీ సర్దుకుంటూ వచ్చాడు. కోటు ఇంకా వదులుగానే వేలాడుతోంది. రాజలింగు మోకాలివైపు ఒకసారి చూసి, పోశం చేతిలోని సంచి తాను తీసుకున్నాడు. మూతి విప్పి లోపలికి చూశాడు. వరసగా మైనపు గుడ్డ పొట్లాలు, తన గీతల ముక్కలు వాటి మీద ఇంకా కనబడుతున్నాయి.

"ఎన్ని రాజలింగూ?"

"ఇరవై నాలుగు సారు."

శేషగిరి సంచిని కావడిలో వెయ్యనివ్వలేదు. ఎత్తులు రాసుకునే పుస్తకం పెట్టుకునే తన భుజం సంచిలో, పుస్తకం పక్కన సర్దుకుని, తోలుపట్టీ బిగించాడు.