నాలుగు సర్వర్లకు నాలుగు దండలు

ఈ రోజు ఆయుధ పూజ. నేను కంప్యూటర్లు చూసుకునే చింతామణి టమాటా మండీకి యజమాని శెట్టిగారు నాలుగు పూలదండలు తెచ్చారు. తూకానికి, వేలానికి, కెమెరాలకు, కోల్డ్ స్టోరేజీకి వేరువేరు సర్వర్లు పెట్టానని పోయిన నెల చెప్పింది నేనే. అన్నీ ఒకే పెట్టెలో నడిచే వర్చువల్ మెషీన్లని, అంటే నిజంగా ఉన్న యంత్రం ఒక్కటేనని వివరించేలోపే ఆయన తలూపి వెళ్ళిపోయారు.

పూజప్పుడు యంత్రాన్ని ఆపాలి. టమాటా ఆగదు. అందుకని ఒక సర్వర్ ఆపితే మిగతా మూడూ నడుస్తాయిలే అనుకొని, నన్ను అడక్కుండానే ప్లగ్గు పీకేశారు. తూకంతో సహా మండీ అంతా నిలిచిపోయింది. బయట కెంచార్లహళ్ళి నుంచి టమాటా తెచ్చిన ట్రాక్టర్లు హారన్లు మొదలుపెట్టాయి.

"మిగతా మూడు యాడ ఉండాయప్పా?" అని అడిగారు శెట్టిగారు.

"దీని లోపలే ఉండాయప్పా," అన్నాను పళ్ళు నూరుకుంటూ.

"ఒకటి పోయినా తక్కినవి నడుస్తాయని నువ్వే చెప్తివి కదా. ఈ పెట్టే పోతే ఏం చేస్తావు?"

అరగంటలో అన్నీ మళ్ళీ నడిపించాను. ఆయన ప్రశ్నకు జవాబు మాత్రం, సర్వర్లు చూసుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే మీరే చెప్పండి.

ఆ పెట్టెకు ఒక దండ వేసి, మిగిలిన మూడు దండలూ ఆయన నా స్కూటర్‌కే వేశారు. అదైనా కంటికి కనిపిస్తుందట.