పిల్లను పంపనన్న మేనత్త

మొన్న పొద్దున ప్రార్థన అయ్యి పిల్లలు తరగతుల్లోకి పోతుండగా, మా సొంతూరు మన్నళ్ళి బస్సు కండక్టరు బీదరులో నేను పాఠాలు చెప్పే బడి గేటు దగ్గర నిలబడి నన్ను పిలిపించాడు. మా మేనత్త పోయిందని చెప్పాడు. తెల్లవారి చాలాసేపైనా తలుపు తెరవకపోతే పక్కింటివాళ్ళు పిలిచి పిలిచి, చివరికి తలుపు ఊడబెరికి లోపలికి వెళ్ళారట. లోపల గడియ వేసి ఉందట. గడియకు తోడు విసుర్రాయి పైరాయి ఆనించి ఉందట. ఆమె గొంగడి కప్పుకొని గోడవైపు తిరిగి పడుకొని ఉందట.

ఆ రాయి సంగతి వినగానే నాకు దుఃఖం ఆగలేదు. పట్టపగలు అన్నం తినేటప్పుడు కూడా మా అత్త తలుపుకు ఆ రాయి ఆనించేది. ఆ ఇంట్లో ఏముందని దొంగలు వస్తారని ఊళ్ళోవాళ్ళు నవ్వేవారు. "ఏం లేదని వాళ్ళకు మాలూమా?" అనేది ఆమె.

అత్త ఎవరి మాటా ఒక్కసారికి నమ్మేది కాదు. ఉప్పు కొంటే నాలుక మీద వేసుకొని చూసేది, ఎండిన మిరపకాయను విరిచి చూసేది. రోజూ పొద్దున చేను చుట్టూ తిరిగి హద్దురాళ్ళను కాలితో తన్ని, అవి కదిలాయో లేదో చూసుకొని గానీ ఇంటికి వచ్చేది కాదు. మన రాష్ట్రం ఇకమీదట మైసూరు కాదు, కర్ణాటక అని బడిపంతులు ఊళ్ళో చెప్పినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారట. అత్త మాత్రం, పేరు ఎందుకు మార్చారో, ఎవరికి ఏం కావాలో కనుక్కొమ్మని నాతో అన్నది.

ఆ గుణం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. మా మామ, అంటే ఆమె పెనిమిటి, పెళ్ళయిన కొత్తలో బొంబాయి మిల్లుకు పోయాడు. మళ్ళీ రాలేదు. అక్కడ ఇంకో ఇల్లు పెట్టుకున్నాడని ఒకరు, జబ్బుచేసి పోయాడని ఒకరు చెప్పారు. చెప్పిన ప్రతివాడూ ఆమె ఇంట్లో కూర్చొని రొట్టె తిని మరీ చెప్పాడు. ఆమె తాళి తీయలేదు, బొట్టు పెట్టుకోనూ లేదు. పుట్టింటికి వచ్చి తమ్ముడి దగ్గర, అంటే మా నాన్న దగ్గర, ఉండిపోయింది.

నేను మన్నళ్ళి బడిలో కన్నడ అక్షరాలు దిద్దుకుంటున్న రోజుల్లో పెద్ద కరువు వచ్చింది. మా జొన్న మోకాలెత్తు రాకముందే ఎండిపోయింది. ఊళ్ళో నీళ్ళున్న బావి పటేలుది ఒక్కటే. ఆయన చెరుకు పచ్చగానే ఉండేది. బావికి కావలి పెట్టి, పొద్దున కాసేపు మాత్రం మమ్మల్ని తోడుకోనిచ్చేవాడు. ఆ బావి గట్టు మీదనే ఒకనాడు పటేలుకు అల్లుడి వరస అయ్యే ఒకాయన ఫట్‌ఫటీ ఆపి దిగాడు. కూలీలను కూడగట్టి దూరదేశాలకు తీసుకుపోయేవాణ్ణి మా వైపు ముకద్దం అంటారు. ఈయన అలాంటివాడు. పూనాలో బిల్డింగుల పని ఉందన్నాడు. రేకుల రూములు, గడప ముందరే నల్లా నీళ్ళు అన్నాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ రావాలన్నాడు. తర్వాత నా వైపు చూసి, పిల్లను కూడా తీసుకురమ్మన్నాడు.

"బిల్డింగుల కాడ పిల్లలకేం పనన్నా?" అని అత్త అడిగింది.

"పెద్దోళ్ళకు మంచినీళ్ళిచ్చే పనమ్మా."

"గడప ముందరనె నల్లా ఉందంటివి గద?"

ఆయన నవ్వి మా నాన్నతో మాట కలిపాడు. అత్త మాత్రం ఆ నవ్వును ఇంటిదాకా మోసుకొచ్చింది. ఆ సాయంత్రమే తేల్చి చెప్పింది. తమ్ముడూ మరదలూ పోతే పొమ్మన్నది. పాలు మరవని చంటివాణ్ణి, అంటే మా తమ్ముణ్ణి, తల్లి నుంచి విడదీయలేం కాబట్టి వాణ్ణీ తీసుకుపొమ్మన్నది. నన్ను మాత్రం పంపనన్నది.

మా అమ్మ అప్పటిదాకా ఆమెకు ఎదురు చెప్పి ఎరుగదు. ఆ రోజు చెప్పింది. "నా బిడ్డను పంపనంటానికి నువ్వెవరు వదినె? నీకు లేరని నా బిడ్డను ఉంచుకుంటవా?"

అత్త గడపకు అడ్డంగా కూర్చొని, లేవలేదు. మా నాన్న ఇద్దరికీ మధ్య తిరిగి తిరిగి, చివరికి నన్ను ఉంచి పోదామన్నాడు. పోయే రోజు పొద్దున అమ్మ నాకు తలకు నూనె రాసి గట్టిగా జడ వేసింది. వేస్తూ వేస్తూ చెవిలో, "అత్తమ్మ నిన్ను 'అమ్మా' అని పిలువుమంటె పిలువకు" అన్నది.

అత్త ఎన్నడూ అలా పిలవమని అడగలేదు.

వాళ్ళు పోయాక చాలా రోజులు ఏ కబురూ లేదు. తర్వాత నిర్ణా ఊరి మనిషి ఒకడు కొత్త ధోతి కట్టుకొని మా ఊరికి వచ్చాడు. ముకద్దం కిందనే పనిచేస్తున్నానన్నాడు. మా వాళ్ళు సుఖంగా ఉన్నారనీ, పూటపూటా చాయ తాగుతున్నారనీ, ఇంకా మనుషులు కావాలనీ చెప్పాడు. అత్త అతన్ని కూర్చోబెట్టి రొట్టె, పుంటికూర పెట్టింది. అతను తింటుండగా మెల్లగా అడిగింది.

"పిల్లగాని కాలు మానిందా అన్నా? పోయేనాడు పుండు రేగి ఏడుస్తుండె."

"మానింది, మానింది. మంచిగ ఎగురుతుండు."

మా తమ్ముడికి అప్పటికి నడకే రాదు. కాలికి పుండూ లేదు. నేను నోరు తెరవబోతే అత్త ఒక రొట్టెముక్క నా చేతిలో పెట్టింది. అతను తిని, చేయి కడుక్కొని, చల్లగా వెళ్ళిపోయాడు. అత్త అతను తిన్న పళ్ళెం ఎత్తింది. "వీడు వాళ్ళను చూడనన్న చూడలేదు. చూస్తె, చెప్పొద్దని చెప్పి పంపిండ్రు" అన్నది.

మరునాడే నన్ను వెంటబెట్టుకొని నిర్ణాకు బయలుదేరింది. నన్ను విడిచి పోవడానికి ఊళ్ళో ఆమెకు నమ్మకమైన గడప ఒక్కటీ లేదు. అక్కడ ఆ మనిషి భార్యను పట్టుకొని, మేం కూడా మీ ఆయన పని కాడికే పోతున్నామని అబద్ధం చెప్పింది. ఆమె నా చేతిని తన చేతిలోకి తీసుకొని కాసేపు చూసింది. "పిల్లను తీస్కపోకు అక్కా. ఆడ కంకర ఏరిపిస్తరు" అన్నది. అది పూనా కాదట. షోలాపూర్ దాటినాక రాళ్ళగని అట. దారి కూడా ఆమే చెప్పింది.

హుమ్నాబాద్ నుంచి షోలాపూర్ బస్సు ఎక్కాం. దిగినాక నడిచాం. దూరం నుంచి ఆ చోటు మంచు కురిసినట్టు తెల్లగా కనబడింది. దగ్గరికి పోతే అంతా రాతిపొడి. మనుషుల రెప్పల మీద కూడా అదే. గుడిసెల ముందర నా ఈడు పిల్లలు కంకర ఏరుతూ కూర్చున్నారు. మా అమ్మ సుత్తితో రాళ్ళు కొడుతోంది. పక్కనే కర్రలకు కట్టిన చీర ఉయ్యాలలో తమ్ముడు ఉన్నాడు. అమ్మ తల ఎత్తి ముందు నన్ను చూసింది. తర్వాత అత్తను చూసింది.

"పిల్లను ఎందుకు తెచ్చినవ్ వదినె? బరువైందా?"

అది అన్నాక నన్ను గుండెకు అదుముకుంది. ఆమె చేతుల పొడి నా జడ నిండా అయింది. అత్త ఉయ్యాలలోకి వంగి తమ్ముడి కాళ్ళు తడిమి చూసింది.

గుడిసెలో నాన్న చేతికి గుడ్డ చుట్టుకొని కూర్చున్నాడు. కంకర మిషను అతని కుడిచేతి రెండు వేళ్ళు తీసుకుంది. ఆ సంగతి ఊరికి చేరితే కొత్త కూలీలు రారని ముకద్దం కబురు పోనీయలేదు. పోనీ తిరిగి వద్దామంటే దానికీ ఒక ఉపాయం పెట్టాడు. పొద్దున వంట కాగానే అందరి గిన్నెలూ గొంగళ్ళూ తన షెడ్డులో పెట్టించి తాళం వేసేవాడు, మాపటికి ఇచ్చేవాడు. దొంగల భయమని చెప్పేవాడు. కట్టుబట్టలతో ఎవరు పోతారు? పైగా నాన్నకు పటేలు భయం. అల్లుణ్ణి కాదని వస్తే ఊళ్ళో నీళ్ళు పుట్టవని అతని బాధ.

అత్త ముకద్దం ముందుకు పోయి చేతులు జోడించింది. ఆమె ఎవరికైనా చేతులు జోడించడం నేను చూసింది అప్పుడే. "అన్నా, నువ్వు చెప్పింది బరాబర్. పిల్లను తెచ్చిన, నేను గూడ చేస్త. మా గల్లీల ఇంకొన్ని ఇండ్లున్నయి, నే చెప్తె వస్తరు" అన్నది. ఆయన పొంగిపోయాడు. కొత్తగా వచ్చింది, వండుకొని తిననీ అని ఆ రాత్రికీ మరునాటికీ మా గిన్నెలూ గొంగడీ మా దగ్గరే ఉండనిచ్చాడు.

పొద్దున అందరూ రాళ్ళ దగ్గరికి పోతుంటే అత్త మా అమ్మ ఇత్తడి బిందెలో చిన్న గిన్నెలు సర్ది, పైన గుడ్డ కప్పి చంకకు ఎత్తుకుంది. అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుంది. నా చేతికి చెంబు ఇచ్చారు. నాన్న గొంగడి భుజాన వేసుకొని వెనక నడిచాడు. కావలివాడు ఎక్కడికని అడిగాడు. నీళ్ళకని అత్త చెప్పింది. ఇంతమందా అన్నాడు.

"కొత్తదాన్ని గద, బాయి సూపిస్తుండ్రు."

బావి రోడ్డు వైపునే ఉంది. అక్కడికి రాగానే అమ్మ ఆగిపోయింది. వెనక్కి చూసింది. ఈ వదినె మమ్మల్ని ఎక్కడికి తీసుకుపోతోంది, ఊళ్ళో ఏం తిని బతుకుతాం, నా బిడ్డను తన బిడ్డగా చేసుకోవడానికే ఇదంతా చేస్తోందా, ఇవన్నీ ఆమె ముఖంలో కనబడుతూనే ఉన్నాయి. అత్త బిందెను అమ్మ చంకకు మార్చి, తమ్ముణ్ణి తాను తీసుకుంది.

"నీ బిందె నువ్వె పట్టుకో. నన్ను నమ్మకు. నడువు."

అమ్మ నడిచింది. రోడ్డు మీద మొదట ఆగిన లారీని అత్త పంపేసింది. డ్రైవరు మరీ తియ్యగా మాట్లాడుతున్నాడట. తర్వాత మేకలనూ ఒక ముసలి జంటనూ ఎక్కించుకొని వస్తున్న లారీలో హుమ్నాబాద్ దాకా వచ్చాం.

నాన్న భయపడినట్టే పటేలు మాకు బావి మూశాడు. అమ్మానాన్నలు తమ్ముడితో సహా బీదరుకు వచ్చేశారు. వేళ్ళు లేని చేతితో నాన్నకు ఒక నూనెమిల్లులో కావలి పని దొరికింది. అత్త రాలేదు. చేను విడిస్తే ఎవడో హద్దురాయి జరుపుతాడని అక్కడే ఉండిపోయింది. పక్క ఊరి నుంచి నీళ్ళు మోసుకొని బతికింది. నేను బడి రోజుల్లో అమ్మ దగ్గర, సెలవుల్లో అత్త దగ్గర పెరిగాను. అత్త పంపిన జొన్నలను అమ్మ జల్లెడ పట్టి, ముక్కు దగ్గర పెట్టుకొని చూసి గానీ పిండి విసిరేది కాదు. నేను ఊరికి పోతే అత్త, "మీ అమ్మ నా మీద ఏమన్నది?" అని అడిగేది. ఏమీ అనలేదని చెబితే నమ్మేది కాదు. రెండిళ్ళ మధ్య నేను మాటలు మోయకుండా తిరగడం నేర్చుకున్నాను.

నాకు పంతులమ్మ ఉద్యోగం వచ్చిన ఏడు, కందిచేలో గట్టు మీద కూర్చొని ఉండగా అత్తను అడిగేశాను. నన్ను తన బిడ్డగా ఉంచుకోవాలనే ఆ రోజు పంపనన్నదా అని. ఆమె ఒక కందికాయ ఒలిచి గింజలు నా చేతిలో పోసింది.

"అవు బిడ్డా. మీ అమ్మ అనుకున్నది అబద్దం గాదు. నాకు నువ్వు గావాలె. ముకద్దం మీద అనుమానం గూడ అబద్దం గాదు. రెండు ఉండె. ఏది ఎక్కువుండెనో నాకె తెల్వదు."

అంత నిజాయితీగా నాతో ఇంకెవరూ మాట్లాడలేదు. నేను ఈ ఉద్యోగంలో ఉన్నానంటే, నా ఊపిరితిత్తుల్లో రాతిపొడి లేదంటే, అది ఆమె గడపకు అడ్డంగా కూర్చున్నందువల్ల. ఈ మాట అమ్మకు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అమ్మకు తెలియదని నేను అనుకోను.

కండక్టరు చెప్పిన రోజు నేను ఇంటికి పోయి చెబితే, అమ్మ చెప్పులు వేసుకొని నాకంటే ముందు బస్టాండుకు నడిచింది. నాన్న, తమ్ముడితో కలిసి మేం చేరేసరికి మధ్యాహ్నమైంది. పాడె కట్టి సిద్ధంగా ఉంది. ఎండ ముదురుతోందనీ, ఇక లేపుదామనీ పెద్దమనుషులు తొందరపడుతున్నారు. అమ్మ వాళ్ళను తప్పించుకొని లోపలికి పోయి అత్త పక్కన కూర్చుంది.

"పోయిందని ఎవరు చూసిండ్రు?"

పక్కింటి ఆమె తానే చూశానని చెప్పింది. డాక్టరు వచ్చాడా అని అమ్మ అడిగింది. రాలేదన్నారు.

"నేను చూస్త. ఆగుండ్రి."

అత్త మణికట్టు పట్టుకొని, తల వంచి చెవిని ఆమె ఛాతీ మీద పెట్టింది. పాడె మోసేవాళ్ళు ఒక్కొక్కరే నేల మీద కూర్చున్నారు. అమ్మ అలాగే ఉంది, కళ్ళు మూసుకొని వింటూ, రెండో చేత్తో అత్త పెదవుల మీద వాలే ఈగను తోలుతూ.