బావ చెప్పిన యుద్ధ వార్తలు

మొన్న శుక్రవారం అక్క ఫోన్ చేసింది. మనవరాలు పాత క్యాసెట్లన్నీ ఫోన్లోకి ఎక్కించి ఇచ్చిందట, వంట చేసుకుంటూ బావ గొంతు వింటోందట. బావ పోయి ఆరేళ్లు. "అన్నీ ఉన్నయి గని తమ్మీ, లడాయప్పటి క్యాసెట్టు ఒక్కటి రాలే గదా. అండ్ల ఏం చెప్పిండో నీకేమన్న యాదికున్నదా?" అని అడిగింది. ఇక్కడ సౌదీలో, హఫర్ అల్ బాతిన్‌లో చలికాలపు వాన, మా షెడ్డు ముందంతా బురద. లైను సరిగా లేదని చెప్పి పెట్టేశాను.

కువైట్ లడాయి నడిచిన చలికాలంలో నేనూ బావా ఇదే ఊళ్లో, పెద్దరోడ్డు పక్కన టైర్ల షెడ్డులో పనిచేసేవాళ్లం. మా పాస్‌పోర్టులు మమ్మల్ని పనికి తెచ్చుకున్న అరబ్బు సేఠు, కఫీల్ దగ్గర, కఫీలేమో లడాయికి దూరంగా పిల్లాజెల్లాతో తాయిఫ్ కొండల మీద. ఇంటికి పోదామంటే దారి లేదు, ఫోను కలవదు. రోడ్డు నిండా మిలిటరీ బండ్లే. ట్రెయిలర్ల మీద ట్యాంకులు, వాటి వెనక నీళ్ల బండ్లు, డీజిలు బండ్లు, పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా. శత్రువు ఉత్తరాన ఉంటే ఇవన్నీ పడమటికి పోతాయేమిటని నేను విసుక్కునేవాణ్ణి. బావ టైర్లు చూసి చెప్పేవాడు: పోయేటప్పుడు నొక్కుకుపోయి ఉన్నాయి, వచ్చేటప్పుడు తేలిగ్గా ఉన్నాయి, అంటే అటెక్కడో సరుకు దించుతున్నారని. నిన్ను జనరల్‌ను చేయాల్సిందని ఎగతాళి చేసేవాణ్ణి.

అప్పట్లో మావాళ్లు ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపేవాళ్లు. ఎదురుగా ఉంటే అక్కతో నాలుగు మాటలు మాట్లాడని మనిషి, టేప్‌రికార్డరు ముందు కూర్చుంటే ఆగేవాడు కాదు. మధ్యాహ్నం తిండి కాగానే మొదలుపెట్టేవాడు. ఇవాళ వాన పడింది, రెండు బండ్లు బురదలో కూరుకుపోయాయి, హెలికాప్టర్లు కిందుగా ఎగిరాయి, సైరను మోగితే విషవాయువు మాస్కులు తొడుక్కున్నాం. రోజూ ఇదే పాట. నాకు ఒళ్లు మండేది. బతికి ఉన్నానని ఒక్క ముక్క చెప్పి పంపక ఆమెకివన్నీ ఎందుకని ఒకరోజు అడిగేశాను.

"ఉత్తగ మంచిగున్న అంటే మీ అక్క నమ్మదు," అన్నాడు. "గివన్నీ చెప్తే, ఇన్ని చూసిండంటే పానంతోనే ఉన్నడు అనుకుంటది."

పక్క క్యాంపు మేస్త్రి ఒకాయన జెద్దా మీదుగా ఇంటికి పోతున్నాడని తెలిసి, బావ క్యాసెట్టు ముగించడానికి కూర్చున్నాడు. "ఇగ లడాయి ముచ్చట చాలు, నీకొక మాట చెప్పాలె" అని ఎత్తుకున్నాడు. అంతవరకే విన్నాను. ఈయన మాట ఎప్పటికి తెములుతుందోనని పళ్లు కొరుకుతూ లేచి బయటికి పోయాను.

క్యాసెట్టు మీద అక్క పేరు, ఊరు ఇంగ్లీషులో రాయడం ఎప్పుడూ నా పనే. ఆరోజు కసికొద్దీ పేరు కింద ఇంకో మాట చేర్చాను: డైలీ ఆర్మీ న్యూస్. అక్కకు ఎలాగూ చదవరాదు, నా కసి తీరుతుంది, అంతే అనుకున్నాను.

చెక్‌పోస్టులో సిపాయికి చదవడం వచ్చు. మేస్త్రిని సాయంత్రం దాకా కూర్చోబెట్టి, క్యాసెట్టు గుంజుకుని వదిలిపెట్టారు. కొద్దిరోజులకే నేల మీది యుద్ధం మొదలై వారం తిరక్కుండా ముగిసింది. అమెరికా వాళ్లు పడమటి నుంచే చుట్టుకొచ్చారని తర్వాత అందరూ చెప్పుకున్నారు. కువైట్‌లో తగలబడుతున్న నూనె బావుల నల్లటి పొగ మా మీద కమ్మింది. అక్కడ ఊళ్లో అక్క ఏ కబురూ అందక రెండు నెలలు తిండి మానేసినంత పని చేసింది. నేను రాసిన రాత సంగతి మేస్త్రి తిరిగొచ్చి చెప్పినా బావ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఇంకో క్యాసెట్టు చెయ్యమంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఒకసారి చెప్పాను కదా, ఆ మాట మళ్లీ నోటికి రాదన్నాడు.

నిన్న నేనే అక్కకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఒక్కటే అడిగింది.

"నాకొక మాట చెప్పాలె అన్నడా?"

"అన్నడు అక్కా."

ఆ ఒక్క ముక్కనే నాతో మూడుసార్లు చెప్పించుకుంది. ఆనాడు రెండు నిమిషాలు కూర్చునే ఓపిక లేకపోయింది నాకు. ఇప్పుడు రోజంతా ఖాళీయే, ఆ రెండు నిమిషాలే లేవు.