ఒక్క విజిల్‌కి పడిన విత్తులు

మా ఎదురింటి డ్రిల్లు మాస్టారు పోయారు. మొన్న ఆషాఢం ముసురులో, ఒక శనివారం తెల్లవారుజామున, నిద్రలోనే వెళ్ళిపోయారు. ఆ కబురు నాకు తెచ్చింది ఆయన భార్యే. ఆవిడని నేను పిన్నిగారూ అని పిలుస్తాను. చినుకుల్లో మా గేటు పట్టుకుని నిలబడి, "అమ్మాయ్, మీ మాస్టారు లేవట్లేదే. కాఫీ చల్లారిపోతోంది. ఒకసారి వచ్చి లేపుదువుగాని" అంది. ఆవిడకి అప్పటికే తెలుసనుకుంటాను. ఆ మాట పైకి అనడానికి ఇంకొక మనిషి కావాల్సి వచ్చింది.

మర్నాడు ఆదివారం. మా పెరటి తోటల వాళ్ళం రేపల్లెలో ఒకరింట్లో పని పెట్టుకున్నాం. ఫోనులో మా గ్రూపు తెరిచేసరికి, "రేపు గునపం ఎవరు తెస్తున్నారండీ?" అని ఒకాయన అడిగి ఉన్నాడు. దాని కిందే "మాస్టారు పోయారు" అని నేను రాయాల్సి వచ్చింది. వెంటనే ఆయన "ఏ మాస్టారండీ?" అన్నాడు. మా గుంపులో మాస్టారంటే ఒక్కరే. అది తెలిసే అడిగాడు పాపం, వేరే ఎవరైనా అయితే బాగుండునని.

తెనాలి, బాపట్ల, రేపల్లె మధ్య ప్యాసింజరు బండ్లలో తిరిగేవాళ్ళు మీలో ఉంటే ఆయన్ని చూసే ఉంటారు. డెబ్బై దాటినా కాళ్ళకి తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో విజిల్, చంకలో గోనెసంచి చుట్టిన పార. టీసీ ఆ పారని చూసి ఏదో అనబోతే, "నా చేతికర్ర నాయనా, ముసలాణ్ణి" అనేవారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని పిన్నిగారు విసుక్కునేది. విసుక్కుంటూనే ఆ బూట్లకి ప్రతి శనివారం తెల్ల పాలిష్ పూసి ఎండలో పెట్టేది.

హైస్కూల్లో పిల్లల చేత ఎడమా కుడీ నడిపించి, నడిపించి రిటైరయ్యారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఎవరో పిలిస్తే బాపట్లలో ఒక మీటింగుకి వెళ్ళి పర్మాకల్చర్ అనే మాట విని వచ్చారు. అక్కడ రోజంతా చెప్పినదాంట్లో ఆయనకి పట్టుబడింది కొంచెమే. నేలకి ఎండ తగలకుండా గడ్డీ ఆకులూ దుప్పటిలా కప్పాలి. వంటింటి నీళ్ళు మురుక్కాలవలోకి పోనివ్వకుండా అరటిచెట్టుకి మళ్ళించాలి. ఒక మొక్క నీడ ఇంకో మొక్కకి పనికొచ్చేట్టు పెట్టుకోవాలి. ఏటా తవ్వి మళ్ళీ మొదలుపెట్టే పని లేకుండా తోట తన బతుకు తాను బతకాలి. ఆ నాలుగు ముక్కలూ పట్టుకుని ఇన్నేళ్ళు ఊళ్ళు తిరిగారు.

నిజం చెప్పాలంటే ఆయనకి మొక్కలు తెలియవు. తెలియవంటే బొత్తిగా తెలియవు. చారులోకి కరివేపాకు కొయ్యమంటే వేపరెమ్మ తెచ్చిచ్చారని పిన్నిగారు వీధంతా చెప్పేది. ఒకసారి మా పెరట్లో అప్పుడే లేచిన గోంగూర మొత్తం కలుపనుకుని పీకేసి, "శుభ్రం చేశానమ్మాయ్" అని చేతులు దులుపుకున్నారు. ఈ నేల మీద పుట్టి గోంగూర తెలియని మనిషిని నేను ఆయన్నొక్కరినే చూశాను. అదే మాట మొహం మీద అనేశాను కూడా. ఆయనేం తగ్గలేదు.

"నాకు మొక్కలు తెలియవే. పదిమందిని ఒక లైన్లో నిలబెట్టడం తెలుసు. మొక్కలు తెలిసినవాళ్ళు ఆ లైన్లోనే ఎవరో ఒకరుంటారు" అన్నారు.

అది నిజమే. మా డెల్టా పల్లెల్లో నాట్లప్పుడు బదుళ్ళని ఒక పద్ధతి ఉండేది. ఈ రోజు మీ చేలో నేను, రేపు నా చేలో మీరు. ఆయన దాన్ని పెరళ్ళకి తెచ్చారు. ఈ ఆదివారం మీ ఇంట్లో పదిమందీ తవ్వుతారు, వచ్చే ఆదివారం మీరు పార పట్టుకుని ఇంకొకరింటికి వెళ్ళాలి. రాకపోతే ఆయనేమీ అనరు, పొద్దున్నే మీ వీధిలో నిలబడి విజిల్ ఊదుతారంతే. బ్యాంకు ఆఫీసరైనా చీరల కొట్టాయనైనా ఆ విజిల్‌కి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. సగంమంది చిన్నప్పుడు ఆయన తీయిస్తే గుంజీళ్ళు తీసినవాళ్ళే.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. లేకపోతే ఆయన నాకేం చేశారో మీకు తెలియదు. మా ఆయన పోయాక నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టుకుంటూ ఉండిపోయాను. నన్నెవరూ వెలివేయలేదు. అందరూ మంచిగానే మాట్లాడేవాళ్ళు. కాకపోతే ఎవరైనా పెళ్ళిచూపులకో పరీక్షకో బయల్దేరినప్పుడు నేను ఎదురైతే, ఏదో మర్చిపోయినట్టు లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి మళ్ళీ వచ్చేవాళ్ళు. అది చూసీ చూసీ, గేటు తీసే ముందు వీధి అటూ ఇటూ చూసుకోవడం నాకే అలవాటైపోయింది. ఎవరూ లేకపోతేనే బయటికి వచ్చేదాన్ని. నా వీధిలో నేనే దొంగలా.

ఎదురింటాయన అది గమనించినట్టున్నారు. ఒక ఆదివారం పొద్దున్న గేటు బయట ఓ మంద, ముందు ఆయన.

"అమ్మాయ్, గేటు తియ్యి. పనుంది."

"నేనేం పని చెప్పలేదండి మాస్టారూ."

"చెప్పేదాకా ఆగితే నాకు ముసలితనం వచ్చేస్తుందే. తియ్యి."

సాయంత్రానికి మా వెనక పెరట్లో వంటింటి నీళ్ళకి అరటీ చేమా, గోడవారన మునగ, పందిరి, దాని నీడన పసుపు. ఇల్లు నాదే, బదులు తీర్చే వంతూ నాదే. ఆ పై ఆదివారం అంగలకుదురులో ఇంకొకరింటికి వెళ్ళక తప్పలేదు.

అంగలకుదురులో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. రోజంతా తవ్వి, మడులు ఎత్తుచేసి, మోకాలి లోతున వరిగడ్డీ ఎండాకులూ కప్పి వచ్చాం. మర్నాడు ఎలా ఉందో చూద్దామని మాస్టారూ నేనూ వెళితే గడ్డి లేదు. ఆ ఇంటి ఇల్లాలు చీకటితోనే లేచి, అలవాటుగా చీపురు పట్టి, గడ్డంతా ఊడ్చి దిబ్బ మీద పోసి, మడుల మీద కళ్ళాపి చల్లి, ఈ చివర నుంచి ఆ చివరకి పెద్ద మెలికల ముగ్గు పెట్టేసింది. విత్తులు పడాల్సిన మడుల మీద ముగ్గు! "పెరడంతా చెత్తగా ఉంటే మా అత్తగారు ఊరుకోరండి. చుట్టాలొస్తే ఏమనుకుంటారు?" అంది బిక్కమొహం వేసి. నాకు తల కొట్టుకోవాలనిపించింది. మాస్టారు మాత్రం ముగ్గు చుట్టూ నిదానంగా తిరిగి, "చుక్కలు బాగా కుదిరాయమ్మా" అన్నారు. తర్వాత ఆవిడతో ఒప్పందం చేసుకున్నారు. ముందు వాకిలి చీపురుది, అద్దంలా పెట్టుకో. వెనక పెరడు గడ్డిది, అక్కడికి చీపురు రాకూడదు. ఆ మాటే మా గుంపుకి చట్టమైంది.

ఆ రోజుల్లోనే ఆయన ఇంకో అలవాటు మొదలుపెట్టారు. ఊరికి బయల్దేరే ముందు తన గేటు దగ్గర నిలబడి, వీధంతా వినబడేలా, "అమ్మాయ్, ఎదురు రా! బండికి టైమవుతోంది" అని కేకేసేవారు. మొదటిసారి నేను రానన్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, ఆయన కదల్లేదు. వచ్చాను. సాయంత్రం తిరిగొచ్చి, "నీ ఎదురు మంచిదే, కిటికీ పక్క సీటు దొరికింది" అన్నారు. ఒకరోజు బండి తప్పిపోయింది. "ఆ డ్రైవరుకి ఎవరెదురొచ్చారో ఏంటో, టైముకే వెళ్ళిపోయాడు" అన్నారు. వీధిలో నవ్వులాటైంది. నవ్వుకున్న వీధిలో మంచినీళ్ళ కోసం లోపలికెళ్ళేవాళ్ళు తగ్గారు.

పిట్టలవానిపాలెంలో జరిగింది మాత్రం నవ్వులాట కాదు. అక్కడ ఒక పెద్ద రైతు కుటుంబం. ఎనభై దాటినా వ్యవసాయం అజమాయిషీ ఇంకా ఇంటి పెద్దమ్మగారిదే. పని ముగిసి, పాదులు సిద్ధమయ్యాక, మాస్టారు బీరగింజలు నా చేతిలో పోశారు. "మొదటి గింజ నువ్వెయ్యి."

పెద్దమ్మగారు అరుగు మీంచి లేచింది. "ఏమనుకోకండి మాస్టారండీ. మొదటి విత్తు ముత్తైదువ చేత వేయించండి. పచ్చగా పెరగాల్సిన పాదు."

అందరూ నేల చూపులు చూశారు. నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గింజలు గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కునే నెపంతో గేటు వైపు నడిచాను. ఆ రోజు బయటికి వెళ్ళిపోయి ఉంటే మళ్ళీ ఎవరి పెరట్లోనూ అడుగుపెట్టేదాన్ని కాదు. అది నాకు బాగా తెలుసు.

వెనక విజిల్ మోగింది.

"అటెన్షన్! అందరూ లైన్లోకి!" ఆయన ఆ వయసులో కూడా అరిస్తే గోడలు అదిరేవి. మనిషికో పాదు ముందు నిలబెట్టి అందరి గుప్పిట్లోనూ గింజలు పోశారు. "పెద్దమ్మగారూ, మీరూ రండి, మీ ఇంటి పాదులండీ ఇవి" అని ఆవిణ్ణీ ఒక పాదు ముందుకి తెచ్చారు. "విజిల్ వెయ్యగానే అందరూ ఒక్కసారే వదలాలి. ముందు వదిలినవాళ్ళు ఔట్." ఆ తర్వాత నా వైపు చూడకుండానే, "అమ్మాయ్, నీ పాదు ఖాళీగా ఉంది" అన్నారు.

వెనక్కి వచ్చి నిలబడ్డాను. నా పక్క పాదు పెద్దమ్మగారిదే. విజిల్ మోగింది, గింజలన్నీ ఒక్కసారే నేలలో పడ్డాయి. ఎవరి చెయ్యి మొదటిదో చెప్పడం దేవుడికి కూడా సాధ్యం కాదు. అప్పటినుంచి ఏ ఇంట్లోనైనా మా గుంపు విత్తు వేసేది అలాగే.

తిరుగు బస్సులో ఉండబట్టలేక అడిగాను. "ఆవిడకి నాలుగు మాటలు చెప్పొచ్చుగా మాస్టారూ?"

"ఆట మధ్యలో వాదిస్తే ఊపిరి దండగ. ఆవిడకి పాదు కాయదేమోనని భయం. నీకు నిలబడ్డానికి చోటు కావాలి. రెండూ కుదిరాయా లేదా?"

నాకప్పుడు పూర్తిగా తృప్తి కలగలేదు. నేనైతే పోట్లాడేదాన్ని. పోట్లాడి గెలిచినా ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళగలిగేదాన్ని కాదని తర్వాత తెలిసింది. రెండు నెలలకి పిట్టలవానిపాలెం నుంచి బస్సులో నా పేర ఒక సంచీ వచ్చింది. నిండా బీరకాయలు. ఫోనులో పెద్దమ్మగారు, "లేతవి. తొక్కు పారెయ్యకు, పచ్చడి చేసుకో" అంది.

ఇప్పుడు మాస్టారు లేరు. తొమ్మిదో రోజున వాళ్ళింటి నిండా చుట్టాలు. మర్నాడు పిన్నిగారికి చెయ్యాల్సినవాటి గురించి ఆడవాళ్ళు గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఆవిడ మూలగదిలో చాప మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నానేగాని నా మనసంతా భయమే. రేపటినుంచి ఈవిడ కూడా వీధి అటూ ఇటూ చూసుకుని గేటు తీస్తుందా? కేకేసి ఎదురు రమ్మనడానికి ఆయన లేరు. ఆ పని చెయ్యడం నాకు చేతనవుతుందా?

పెద్దమ్మగారు అప్పుడు వచ్చింది. పిట్టలవానిపాలెం నుంచి బస్సులో, తడిసిన గొడుగుతో, ఒక్కతే. ఎవరో "ఈ రోజు ఆవిణ్ణి చూడకూడదండి" అంటున్నా వినిపించుకోకుండా లోపలికి వచ్చి, మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా చాప మీద కూలబడింది. పిన్నిగారి కుడిచెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. తర్వాత పెద్దమ్మగారు బొడ్లోంచి చిన్న గుడ్డమూట తీసింది.

"చూడు చెల్లీ. మా మనవరాలు బాపట్లలో ఇల్లు కట్టుకుంది. మీ కార్యాలన్నీ అయ్యాక పై ఆదివారం చిక్కుడు పెట్టిస్తున్నాను. నువ్వు రావాలి. ముందు గింజ నువ్వెయ్యాలి."

గుమ్మంలో ఉన్న చుట్టాలావిడ ఆగలేకపోయింది. "అదేంటండీ! ఏడాది గడవకుండా గడప దాటతారా? పైగా కొత్తింట్లో, ఈ చేత్తోనా?"

"ఏడాదిదాకా చిక్కుడు ఆగుతుందా? అదును దాటితే కాయదు" అంది పెద్దమ్మగారు. "ఈ చేత్తోనే. ఈ చేతికేమైంది? మొన్నటిదాకా మీ అందరికీ అన్నం పెట్టిన చెయ్యేగా."

గింజలు ఆ అరచేతిలో పోసి, వేళ్ళు ఒక్కొక్కటే మూసింది.

నేను మా ఇంటికి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చాను. పిన్నిగారు పద్ధతి తప్పని మనిషి, ఎవరేమిచ్చినా కుడిచేత్తోనే అందుకుంటుంది. ఆ రోజు గ్లాసు ఎడమచేత్తో తీసుకుంది. కుడి గుప్పిట మాత్రం విప్పలేదు.