అక్క డబ్బా కెమెరాలో పోసిన నూనె

కుట్టుమిషన్ నూనె వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మొన్న మా వీధి దర్జీ మిషన్ విప్పి నూనె వేస్తుంటే, రవిక కొలతలివ్వడానికి వెళ్లినదాన్ని ఇవ్వకుండానే ఇంటికొచ్చేశాను.

కంబదూరు దగ్గర మా పల్లెలో వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్లవి. ఉగాది దాటిందంటే పొద్దున్నుంచే ఎర్రటి గాలి లేచి, సంగటి ముద్దలో, చెంబులో నీళ్లలో, మా జడల్లో, అన్నిట్లోనూ దుమ్ము పోసిపోయేది. గడ్డివాములు ఖాళీ అయ్యాక నాయన కొట్టం మీద కప్పిన బోదగడ్డి పీకి ఎద్దులకు వేశాడు. అదీ అయిపోయాక బొమ్మజెముడు కోసుకొచ్చి, మంటమీద ముళ్లు కాల్చి పెట్టాడు. ఎర్రోడు, మచ్చోడు అని మా ఇంట్లో పుట్టి పెరిగిన జత అది.

అక్క పేరు నాగవేణి. బళ్లారిలో ఫోటో స్టూడియోలో పనిచేసే అమ్మ తమ్ముడు పాతబడిన డబ్బా కెమెరా ఒకటి తెచ్చి అక్కకిచ్చి, దాన్నెట్లా చూసుకోవాలో కూడా నేర్పాడు. లోపల షట్టర్ అంటే ఒక పల్చటి రేకు, దాన్ని లాగే సన్నటి స్ప్రింగు, అంతే. అది బిగుసుకుంటే బలవంతంగా నొక్కకూడదు, వేలు పెట్టకూడదు, నూనె తగలనివ్వకూడదు. మేం వీధిలో అచ్చనగాయలాడుతుంటే అక్క గడప లోపల కూర్చుని కోడి ఈకతో దాన్ని తుడిచి, అమ్మ పాత చీరముక్కలో చుట్టి రేకుపెట్టెలో దాచుకునేది. ఉగాదినాడు పొయ్యి ముందు ఓళిగలు కాలుస్తున్న అమ్మను ఫోటో తీసింది. రీలులో మిగిలిన భాగం ఎద్దుల కోసమని అట్లే ఉంచింది.

ఎద్దుల్ని అమ్మక తప్పలేదు. బేరం కుదర్చడానికి అనంతపురం నుంచి మా మేనత్త భర్త రంగప్ప మామ వచ్చాడు. ఆఫీసులో ఉద్యోగం, ఇస్త్రీ చొక్కా, ఎవరి మాటా చెవిన పెట్టని గొంతు. అక్క కెమెరా బయటికి తీయగానే, "ఇట్లా తే, నేను తీస్తా" అని లాక్కున్నాడు. గాలికి దుమ్ము పడిందేమో, షట్టర్ మీట కదల్లేదు.

"బలవంతం చేయొద్దు మామా, దుమ్ము పడిండాది. ఈకతో తుడిస్తే పోతాది," అంది అక్క.

"నాకు చెప్పేదానివైనావా నువ్వు?" అని ఆయన అమ్మ కుట్టుమిషన్ దగ్గరున్న నూనెడబ్బా తెచ్చాడు. అక్క చేతులడ్డం పెట్టినా తోసేసి, రీలు లోపలుండగానే వెనక మూత తెరిచి, షట్టర్ మీద నూనె పోసి, నా తలలోంచి పిన్ను లాగి దాంతో పొడిచాడు. రేకు వంగింది. స్ప్రింగు ఎగిరి దుమ్ములో పడింది. రీలంతా వెలుతురు తగిలి, అందులోని అమ్మ ఫోటోతో సహా పాడైపోయింది.

"చౌక డబ్బా, ఇంతకన్నా ఏం పనిచేస్తాది," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

అక్క నాయన వైపు చూసింది. ఆయన తల దించుకుని, "పోనీలే బావా, ఆడపిల్ల ఆటసామాను," అన్నాడు.

"ఆటసామాను కాదు నాయనా," అంది అక్క. కాసేపటికి ఎద్దుల్ని కొన్న దళారి పలుపులు పట్టుకుని వాటిని తోలుకుపోయాడు. ఎర్రోడు మలుపు దగ్గర ఆగి వెనక్కి చూస్తే కర్రతో కొట్టాడు.

తర్వాత అమ్మ తమ్ముడొచ్చి కెమెరా చూసి, అట్లాంటి రేకు దొరకదన్నాడు. వానలు పడ్డాక నాయన కొత్త జత కొని, ఎంతో నెమ్మదిగా, "ఇంకో కెమెరా తెప్పిద్దామా పాపా?" అని అడిగాడు. అక్క వద్దంది. మామ మాత్రం పోయేదాకా, ఆడపిల్ల చేతికిస్తే వస్తువు ఎట్లా పాడవుతుందో చెప్పడానికి ఆ కెమెరా సంగతే చెప్పేవాడు. విన్నవాళ్లు నవ్వేవాళ్లు. ఆయన్ని క్షమించమని నాకు చాలామంది చెప్పారు. నేను క్షమించలేదు.

ఇప్పుడు మా పల్లెలో దుక్కి ఎద్దులే లేవు, ట్రాక్టర్లొచ్చాయి. రీళ్లు కడిగే స్టూడియోలూ పోయాయి. పొయ్యి ముందు కూర్చున్న అమ్మ ముఖం మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. మొన్న ఒక పెళ్లిలో అక్క మనవరాలు తన ఫోన్ ఆమె చేతికిచ్చి, "అవ్వా, మమ్మల్ని ఒక ఫోటో తీయి," అంది.

అక్క ఫోన్ తిరిగిచ్చేసి, "నాకు ఇట్లాంటివి రావమ్మా," అంది.